సముద్రం తెర వెనక రెబెక్కమ్మ

మైపాడులో నాటకం రిహార్సలు సాయంత్రం నాలుగున్నరకి మొదలు. బడి వదలగానే బెంచీలు గోడకి చేరతాయి, తిమోతి హార్మోనియం మూత తీస్తాడు, బోర్డు మీద ఎక్కాలు తుడిచేసి యెహోషువగారు పాత్రల పేర్లు రాస్తారు. యెహోషువగారు రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో పెద్ద, నాటక సమాజానికి అది పుట్టినప్పట్నుంచీ ప్రెసిడెంటు. ఆ సమాజానికి ఇంకో ప్రెసిడెంటు ఉండొచ్చనే ఆలోచన ఎవరికీ, ముఖ్యంగా ఆయనకి, ఎన్నడూ రాలేదు.

తిమోతి ఆయన కొడుకు. తిమోతి భార్య రెబెక్కమ్మ అదే బళ్లో టీచరు. నాటకంలో ఆమె పని ప్రాంప్టింగు. తెర వెనక ముక్కాలిపీట వేసుకుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని, ప్రతి మాటా ముందుగా అందించేది. పొద్దంతా వలలు లాగి వచ్చినవాళ్లని డైలాగులు కంఠతా పట్టమంటే ఎక్కడ పడతారు? అందుకని మైపాడు జనం ప్రతి మాటా రెండుసార్లు వినేవాళ్లు, ఒకసారి తెర వెనక నుంచి, ఒకసారి తెర ముందు నుంచి. వెనకదే బాగుంటుందని ఊళ్లో చాలామంది అభిప్రాయం. ఏడుపు ఘట్టాల్లో ఆడవాళ్లు వెనక మాటకే కళ్లు తుడుచుకుని, ముందు మాట వచ్చేసరికి వక్కాకు వేసుకునేవాళ్లు.

ముందు మాట చెప్పేవాడు పోలేరయ్య. ఒడ్డున చేపల వేలం పాడే మనిషి, ఆరడుగుల ఎత్తు, కోరమీసం. ఏటా కథానాయిక వేషం అతనిదే. నాటకం రోజున మీసం తీయించుకుని, దాన్ని చూసి కాసేపు బాధపడి, చీర కట్టుకునేవాడు. రెబెక్కమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో ఒకసారి, ఆ వేషం నేను వేస్తానని అడిగింది.

"ఇంటి కోడలు స్టేజీ ఎక్కితే రేపు చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకునేది?" అన్నారు యెహోషువగారు.

తిమోతి ఆ పూట హార్మోనియం మీద ఒకచోట స్వరం తప్పాడు. అతని అభ్యంతరం అంతవరకే.

ఇక తెర సంగతి. నెల్లూరి నుంచి అద్దెకు తెచ్చే తెరల మీద రాజమహలు ఉంటుంది, అడవి ఉంటుంది, వీధి ఉంటుంది. సముద్రం ఉండదు. సముద్రం లేని నాటకం మైపాడులో ఎవరు చూస్తారు? టైలరు దరియావలి పదకొండు ముతక గుడ్డలు కలిపి కుట్టి, తానే సముద్రం వేశాడు. మంచినీళ్ల బావి దూరమని, రంగులూ జిగురూ సముద్రపు నీళ్లలోనే కలిపాడు. తెర ఆరలేదు. ఆ ఏడు ఆరలేదు, ఆ తర్వాతా ఆరలేదు. బయట సముద్రం పొంగితే తెర మీదా పొంగుతుంది, బయట వెనక్కి తీస్తే తెర మీదా తీస్తుంది. అందుకే హార్మోనియం కింద నాలుగు ఇటుకలు పెడతారు, తెర చుట్టేముందు పీతల్ని ఏరేస్తారు. వేరే ఊళ్లలో వానరోజులు చూసుకున్నట్టు, మైపాడు వాళ్లు సముద్రం పొంగే పున్నమి చూసుకుని, ఆ రోజు నాటకం పెట్టుకోరు.

అరవై మూడులో నాయుడుపేట నాటక పోటీలకి రమ్మని ఉత్తరం వచ్చింది. మైపాడుకి అలాంటి ఉత్తరం రావడం అదే మొదలు. యెహోషువగారు దాన్ని బడిగోడకి అంటించి, నియమాల కింద ఎర్ర సిరాతో గీశారు. ప్రాంప్టరు గొంతు వినపడితే ఐదు మార్కులు కోత. ఎవరైనా వన్స్‌మోర్ అడిగితే, అడిగారని మళ్లీ ఆడితే, ఇంకో ఐదు కోత.

"ఈసారి నువ్వు రానక్కర్లేదమ్మాయ్. వాళ్లే కంఠతా పడతారు," అన్నారు కోడలితో.

 తొమ్మిదేళ్లుగా స్టేజీ మీద రెబెక్కమ్మ ముఖం ఎవరూ చూడలేదు, పోనీ, గొంతన్నా విన్నారు. ఇప్పుడు అదీ పోతే మిగిలేది ఎక్కాలూ, వంటిల్లూ.

అడ్డుపడింది పోలేరయ్యే. "అక్క రాకుంటే నేనూ రాను సారూ. నోరు తెరవొద్దులే, వెనక ఊరికే కూచోమను. ఆమె ఉండాదనుకుంటేనే నాకు మాట వస్తాది."

యెహోషువగారు గోడ మీది నియమాలు మరోసారి చదివారు. "తెర వెనక నోరు తెరవనని మాటియ్యమ్మాయ్."

"ఇస్తన్నా మామా."

దరియావలి కేలండరు వైపు చూశాడు. "ఆ పొద్దు పున్నమి, అయ్యగారూ."

"నాయుడుపేట వాళ్లు మన తెరని అడిగి తేదీ పెడతారంటయ్యా?"

పోటీ రోజు తెల్లారేసరికి కానాగంతల గుంపు పడింది. అంత చేప ఆ ఏడు ఎవరూ చూడలేదు. ఒడ్డంతా గంపలు. కాసేపే పాడొస్తానని వెళ్లిన పోలేరయ్య మధ్యాహ్నం దాకా వేలం పాడాడు. ఒడ్డున అంత చేప పడుంటే, గొంతు దాచుకుని ఇంట్లో కూర్చునే మనిషి మైపాడులో పుట్టడు. లారీ ఎక్కేటప్పటికి అతని గొంతులో గాలి తప్ప ఏమీ మిగల్లేదు. దారి పొడుగునా మిరియాల కషాయం పట్టిస్తే నాయుడుపేట చేరేసరికి కాస్త గురగుర వచ్చింది.

పోటీలు జరిపే ఆయన వచ్చి తెర కిందనుంచి కారుతున్న నీళ్లు చూశాడు. "మీ సముద్రం పొంగేట్టుండాది. కింద జంపఖానా తీసేయండయ్యా, అది అద్దెది," అని చెప్పి వెళ్లిపోయాడు.

పొద్దుగూకుతుండగా నాటకం మొదలైంది. మొదటి రంగం బాగానే గడిచింది. రెండో రంగంలో, వేటకెళ్లి తిరిగిరాని మొగుడి కోసం ఒక జాలరి భార్య ఒడ్డున నిలబడి సముద్రాన్ని నిలదీయాలి. పోలేరయ్య చీర కొంగు బిగించి, చెయ్యెత్తి, నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. ఈసారి ఈల లాంటిది వచ్చింది. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. ముందు వరసలో నల్లకోటు వేసుకున్న యెహోషువగారు తల దించుకున్నారు. లారీలో వచ్చిన మైపాడు ఆడవాళ్లు తెర వెనక మాట కోసం చెవులు రిక్కించారు. అక్కడా చప్పుడు లేదు.

అక్కడ రెబెక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నాలుక చివర్న ఉన్న మాట మింగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. బయట చంద్రుడు లేచాడు. నీళ్లు పాదాలు దాటాయి, మోకాళ్లు దాటాయి, నోటుబుక్కు తేలి పోయింది. ఇంతలో పెద్ద అల ఒకటి వచ్చి ఆమెని పీటతో సహా ఎత్తి, తెరలోంచి తెచ్చి స్టేజీ మధ్యన దించి, మర్యాదగా వెనక్కి వెళ్లిపోయింది.

తెర చిరగలేదు. రెబెక్కమ్మ తడిచీరతో లేచి నిలబడింది. తెర వెనక నోరు తెరవనని కదా మాటిచ్చింది. ఇప్పుడు తను తెర వెనక లేదు.

పోలేరయ్య తెలివైనవాడు. చటుక్కున పక్కింటి ఆడమనిషిలా ఒక మూల చతికిలబడి, ఉన్న గురగురతో "చెప్పక్కా" అన్నాడు.

ఆమె సముద్రం వైపు తిరిగింది. "నీకు రోజూ మొక్కినా. నువ్విచ్చింది తిన్నా, నువ్వు ఇయ్యని పొద్దు పస్తులున్నా. నీ ఒడ్డున ఊరికే నిలబడి చూసేదానికేనా దేవుడు నన్ను పుట్టించింది? నా మనిషి ఏడీ? నువ్వు ఘోషించింది చాలు. ఇప్పుడు నేను చెప్తా, నువ్విను."

తెర మీద అలలు ఆగాయి. తిమోతి హార్మోనియం మీద చేతులు పెట్టి వాయించడం మర్చిపోయాడు. నవ్విన హాలే ముందుకు వంగి వింటోంది. మైపాడు ఆడవాళ్లు ఆ మాటలు ఈసారి ఒక్కసారే విన్నారు. ఒక్కసారికే అందరి కొంగులూ తడిశాయి. ఆమె మాది, మా ఊరి మనిషి అని పక్కనున్న నాయుడుపేట వాళ్లకి చెప్పుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు వినపడింది ఒక కేక.

"వన్స్‌మోర్!"

ముందు వరసలో నల్లకోటు లేచి నిలబడి ఉంది. ఆ నియమం కింద ఎర్ర సిరాతో గీసిన చెయ్యే పైకి లేచి ఉంది. యెహోషువగారు మళ్లీ అరిచారు.

"వన్స్‌మోర్, అమ్మాయ్!"

రెబెక్కమ్మ మామగారి వైపు ఒక్క క్షణం చూసి, మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.

ఐదు మార్కులు కోశారు. మొదటి బహుమతి నాలుగు మార్కుల్లో పోయింది. రెండో బహుమతి కప్పుని యెహోషువగారు లారీలో ఎవరి చేతికీ ఇవ్వకుండా మైపాడు దాకా ఒళ్లోనే పెట్టుకున్నారు. ఆదివారం చర్చిలో ఆయన మొహం ఎక్కడ పెట్టుకున్నారంటే, మొదటి వరసలో, కోడలి పక్కన.

పోలేరయ్య మీసం మళ్లీ పెంచాడు, ఇక తీయలేదు. ముక్కాలిపీట ఇప్పుడు అతనిది. అతను గుసగుసగా అందిస్తే ఒడ్డు దాకా వినపడుతుందని ఊరంతా నవ్వుకుంటుంది.

ఆ పై ఏడు నాటకానికి వేసిన కరపత్రంలో మొట్టమొదటి పేరు రెబెక్కమ్మది. తేదీ పున్నమి. అడుగున యెహోషువగారు తనే రాసి అచ్చువేయించిన నియమం ఒకే ఒక్కటి ఉంది:

"వన్స్‌మోర్ ఎన్నిసార్లయినా అడగవచ్చును."