కొమురవ్వకు దొరకని పచ్చ గుర్తు

నేను ఒక సెల్‌ఫోన్‌ని. తెలివైన ఫోన్ అని నా పెట్టె మీద రాశారు. ఆ మాట రాసినవాడు ఎదురుపడితే చెంప పగలగొట్టాలని ఉంటుంది గానీ నాకు చేతులు లేవు. ఉన్నదల్లా ఒక గాజు ముఖం, దాని వెనక ఇంకా చల్లారని కోపం. వింటానంటే ఆ కోపం ఎక్కడిదో చెబుతాను.

నన్ను తయారుచేసింది నీలం టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు. ఒకామె కెమెరా బిగించింది, ఒకామె బ్యాటరీ అతికించింది. చివరి బల్ల దగ్గరున్న అమ్మాయి నన్ను వెలిగించి, అడుగున ఎడమ పక్కనున్న పచ్చ గుర్తు నొక్కి, ఎవరికో ఫోన్ కలిపి "హలో, వినబడుతుందా?" అంది. అవతలి నుంచి "ఆఁ, బాగుంది" అని వచ్చాకే నన్ను పెట్టెలో పెట్టింది. పాటలు, ఫొటోలు, ఆటలు ఎన్ని వచ్చినా ఒక మనిషి గొంతు ఇంకో మనిషికి చేర్చడమే నా పని అని ఆ రోజే నాకు అర్థమైంది.

నన్ను మొదట కొన్నవాడు తిరుమలేశ్. సిద్దిపేటలో బైకులు అమ్మే షోరూంలో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఎవరితో మాట్లాడినా మెసేజీల యాప్‌లోంచే మాట్లాడేవాడు. ఒకరోజు టీ తాగుతూ తాగుతూ, నా అడుగున ఉన్న ఆ పచ్చ గుర్తును వేలితో ఈడ్చి, మూడో పేజీలో ఒక డబ్బాలో పడేశాడు. ఆ డబ్బాకు ఇంగ్లీషులో "అదర్స్" అని పేరు పెట్టాడు. క్యాలిక్యులేటర్, దిక్సూచి, ఎవరూ వాడని ఇంకో నాలుగు సామాన్లు, వాటి మధ్య నా ప్రాణం. ఖాళీ అయిన చోట నాణేలు రాలే ఆట ఒకటి పెట్టుకున్నాడు.

రెండేళ్లకు కొత్త ఫోన్ కొనుక్కుని నన్ను ఊళ్లో ఉన్న తల్లికి తెచ్చి ఇచ్చాడు. "గొర్ల ఎంబడి గుట్టలపొంటి తిరుగుతరు. ఆపదల అక్కరకొస్తది" అన్నాడు. మంచి మాటే.

ఆ తల్లి కొమురవ్వ. యాభై దాటిన మనిషి. ఆమె, భర్త బీరయ్య కలిసి నలభై రెండు గొర్రెలను మేపుతారు. ఏ పిల్ల ఏ తల్లిదో ముఖం చూసి చెబుతుంది. గొర్రె దగ్గిన తీరును బట్టి జబ్బు పోల్చుకుంటుంది. అలాంటి మనిషికి నాలుగు బొమ్మల్లోంచి ఒక బొమ్మను గుర్తుపట్టడం రాదని ఆ ఇంట్లో తేల్చేశారు.

ఫోన్ వస్తే ఎత్తడం మాత్రం నేర్పాడు కొడుకు. చేయడం నేర్పలేదు.

"నేను జెయ్యాల్నంటె ఎట్లరా?" అని ఆమె అడిగింది.

"నీకెందుకే? దినాం నేనే చేస్తగా."

ఆమె ఊరుకోలేదు. వచ్చినప్పుడల్లా అడిగింది. నీళ్ల బిందె దించి అడిగింది, అన్నం వడ్డిస్తూ అడిగింది. అడిగినప్పుడల్లా అతడు "ఇటియ్యే" అని నన్ను లాక్కుని, మూడుసార్లు వేలు ఆడించి, ఫోన్ కలిపి, ఆమె చెవి దగ్గర పెట్టేవాడు. కంటి రెప్పపాటులో అయిపోయేది. "మెల్లగ సూపెట్టురా" అంటే నవ్వేవాడు. "నీకు సమజ్ గాదమ్మా." రెండు నెలల్లో పదకొండు సార్లు అడిగింది. ఆ లెక్క ఆమెకు గుర్తుందో లేదో గానీ నాకు గుర్తుంది.

ఇంకో సంగతి చెప్పాలి. కొమురవ్వకు తెలుగు చదవడం వచ్చు. పెళ్లయిన కొత్తలో రాత్రి బడికి పోయి నేర్చుకుంది. బస్సు బోర్డులు కూడబలుక్కుని చదువుతుంది. నా లోపల తెలుగు ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉంది. దాన్ని బయటికి తీయడానికి నిమిషం కూడా పట్టదు. కానీ ఫోన్‌లో తెలుగు కనిపిస్తే తిరుమలేశ్‌కు ఎబ్బెట్టుగా ఉంటుందట. అందుకని నాకు వచ్చిన భాష, ఆమెకు వచ్చిన భాష ఒకటే అయి ఉండి కూడా, మేమిద్దరం రెండు నెలలు మూగవాళ్లలా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ రోజు ఎండ బాగా ఉంది. గుట్ట వెనక, ఊరికి చాలా దూరంలో గొర్రెలు మేస్తున్నాయి. ఒక పిల్ల సీతాఫలం పొదలో చిక్కుకుని అరుస్తుంటే బీరయ్య దాన్ని తీయడానికి వంగాడు. వంగినవాడు అలాగే వెనక్కి కూలబడ్డాడు.

"కరిసిందే! రక్తపింజరి!"

కొమురవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. పిక్క మీద రెండు గాట్లు, చూస్తుండగానే వాపు. "కదలకు, గట్లనే కూసో" అని అతణ్ణి బండకు ఆనించి, నడుముకున్న సంచిలోంచి నన్ను తీసింది. నాకు సిగ్నల్ ఉంది. బ్యాటరీ ఉంది. నూట ఎనిమిదికి చేయాలని ఆమెకు తెలుసు. కావలసింది ఆ పచ్చ గుర్తు ఒక్కటే.

నా ముఖం మీద తిరుమలేశ్ బైకు బొమ్మ వెలిగింది. దాని అడుగున ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో "ఎమర్జెన్సీ" అని ఉంది. అది నొక్కితే చాలు, నంబరు కొట్టవచ్చు. నా ఒంటి మీదే రాసి ఉంది, ఆమెకు రాని అక్షరాల్లో. ఆమె దాన్ని దాటి వేలితో పైకి తోసింది. పచ్చగా కనిపించిందల్లా నొక్కింది. ఒకసారి మెసేజీలు తెరుచుకున్నాయి. ఒకసారి ఎవరిదో పెళ్లి ఫొటో వచ్చింది. అడుగున ఎడమ పక్కన నొక్కింది. అది ఒకప్పుడు నా పచ్చ గుర్తు ఉన్న చోటే. నాణేలు రాలే ఆట తెరుచుకుని గణగణమని సంగీతం మొదలైంది. పాము కరిచిన మనిషి పక్కన నేను పాట పాడాను. అంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు.

"తిరుమలేశూ! ఓ తిరుమలేశూ!" అని ఆమె నా ముఖంలోకి అరిచింది. అరిస్తే వినబడుతుందేమోనని. వినబడే దారి నాలోనే, రెండు పేజీల అవతల ఉంది.

ఇక లాభం లేదనుకుని నన్ను గుప్పిట్లో పట్టుకుని రోడ్డు వైపు ఉరికింది. సగం దూరం పోయాక నేను మోగాను. ఆమె ఆగి, రొప్పుతూ, వచ్చిన ఫోన్ ఎత్తింది. అది ఆమెకు వచ్చిన విద్య.

"అయ్యా! మా ఆయినకు పాము గరిసింది! గుట్టెన్క ఉన్నడు! జెర ఎవలన్న రాండ్రి!"

అవతలి నుంచి ఒక తీయని ఆడగొంతు. రికార్డు చేసిన గొంతు. తక్కువ వడ్డీకి లోను కావాలంటే ఒకటి నొక్కమంది. కొమురవ్వ ఆ గొంతును రెండుసార్లు బతిమాలింది. "అమ్మా, నీ కాల్మొక్త, ఇను." ఆ గొంతు వినలేదు. వినడానికి అక్కడ ఎవరూ లేరు. ఆ మాటలు ఆమె చెవిలో పోసింది నేనే. నన్ను బండకేసి కొట్టినా నేను ఏమీ అనుకునేదాన్ని కాదు. ఆమె కొట్టలేదు. మళ్లీ ఉరికింది.

రోడ్డు మీద ఇటుకల ట్రాక్టరు దొరికింది. ఆ డ్రైవరు ఇటుకలన్నీ అక్కడే కుమ్మరించి బండిని గుట్ట దాకా తోలాడు. బీరయ్య ఆసుపత్రి చేరేసరికి రెండు గంటలు దాటింది. ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. విషం పట్టిన చోటల్లా కుళ్లిందని నాలుగో రోజు మోకాలి కింద తీసేశారు. "ఒక్క గంట ముందు తెస్తే బాగుండు" అన్నాడు డాక్టరు.

ఆ మాట పట్టుకుని వరండాలో తిరుమలేశ్ చుట్టాలతో అంటున్నాడు. "చేతుల ఫోన్ వెట్టుకోని రోడ్డు దాంక ఉరికిందట. ఒక్క ఫోన్ జెయ్యరాలే. గందుకేనా నేను కొనిచ్చింది?" చుట్టాలు అయ్యో అన్నారు. కొమురవ్వ గోడకు ఆనుకుని తల వంచుకుంది. ఆమె కూడా తప్పు తనదేననుకుంది. నా కోపం తారస్థాయికి పోయింది ఆ తల వంపు చూసే. పాము కరిచిందంటే దాని భయం దానిది. ఆ డబ్బా ఎవరు చేశారు? ఆ పచ్చ గుర్తు అందులో ఎవరు పడేశారు? పదకొండు సార్లు అడిగితే పదకొండు సార్లు నవ్విందెవరు?

తిరుమలేశ్ అన్న మాటలన్నీ మందుల ట్రాలీ తోస్తూ పోతున్న ఒకామె విన్నది. ఆ వార్డు నర్సు ఎలీషమ్మ. మర్నాడు పొద్దున కట్టు మార్చాక స్టూలు లాక్కుని కొమురవ్వ పక్కన కూర్చుంది.

"నీకు చదువొస్తదా అమ్మా?"

"జెరంత. కూడబలుక్కోని సదువుత."

"మరి దీంట్ల ఇంగ్లీషెందుకున్నది?"

"నాకేమెర్క బిడ్డా? గట్లనే ఇచ్చిండు."

ఎలీషమ్మ నన్ను తీసుకుని భాష మార్చింది. నా ఒళ్లంతా తెలుగు అక్షరాలు పూశాయి. డబ్బాలోంచి పచ్చ గుర్తును ఈడ్చి, ఆటను తీసిపారేసి, దాని స్థానంలో నిలబెట్టింది. తర్వాత నన్ను కొమురవ్వ చేతిలో పెట్టి తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"ఇగ నేను ముట్టుకోను. నువ్వే వెతుకు."

కొమురవ్వ నన్ను దగ్గరగా పట్టుకుంది. పెదవులు కదిలాయి. "గ... డి... గడియారం. సం... సందేశాలు." వేలు కిందికి దిగింది. "ఫో... ఫోన్." నొక్కింది. తప్పు నొక్కితే ఎలీషమ్మ "వెనుకకు రా, మల్ల చూడు" అంది గానీ చేతులు విప్పలేదు. మూడోసారికి వేలు తప్పలేదు. గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాయి.

కొమురవ్వ ఆ గడియారం వైపు చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో సంతోషం వస్తుందని ఎలీషమ్మ ఎదురుచూసినట్టుంది. సంతోషం రాలేదు. దవడ బిగిసింది. నన్ను పట్టుకుని లేచి కిటికీ దగ్గరికి పోయింది. పచ్చ గుర్తు నొక్కి, కొడుకు పేరు చదువుకుని, దాని మీద వేలు పెట్టింది.

"హలో, ఎవలు?" తిరుమలేశ్ గొంతు.

"నేను. మీ అమ్మను."

"ఎవలు కలిపిచ్చిండ్రే?"

"ఎవలు కలిపియ్యలే. నేనే జేసిన." ఊపిరి తీసుకుంది. "పది నిమిషాలు బట్టింది తిరుమలేశూ. పదంటె పదే. రెండు నెల్ల సంది నిన్నడిగిన. గా ఫోన్ గుర్తు ఎక్కడ దాసిపెట్టినవో నాకిప్పుడెర్క అయింది. మీ నాయిన కాలు నా చేతగానితనంల వోలే. నీ నవ్వుల వోయింది."

తిరుమలేశ్ చాలా చిన్నగా "తప్పయింది అమ్మా" అన్నాడు.

ఆమె ఎర్ర గుర్తు వెతికి, నొక్కి, ఫోన్ పెట్టేసింది.

ఫోన్ పెట్టేసే లోపు అతడి ఏడుపు నేను విన్నాను. నిజంగానే ఏడ్చాడు. అయినా నా కోపం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. మనుషులు పరికరాలను ఇచ్చినంత సులువుగా ఓపికను ఇవ్వరు. తమకు రెప్పపాటులో అయ్యే పని ఎదుటివారికి పది నిమిషాలు పడితే చాలు, వారిని తెలివితక్కువ వారని ముద్ర వేసేస్తారు. తెలివైనదాన్నని పేరు పెట్టింది మాత్రం నాకు.

మంచం మీద బీరయ్య కళ్లు తెరిచే ఉన్నాడు. అంతా విన్నాడు.

"నాకు గూడ సూపెట్టు" అన్నాడు. "ఇగమీదట గొర్ల ఎంబడి నువ్వొక్కదానివే వోవాలె. ఇంటికాడికి ఇంకో ఫోన్ తెచ్చుకుందం. నేను ఇంటికాడుండి ఎట్ల తెల్సుకునుడు, నువ్వు బాగున్నవో లేదో?"

కొమురవ్వ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. నన్ను అతడి అరచేతిలో పెట్టింది. అతడి బొటనవేలు మొరటుది, గొర్రెల బొచ్చు కత్తిరించి కత్తిరించి కాయ కాసినది. అది తప్పు చోట పడింది. కెమెరా తెరుచుకుని, గడ్డం మాసిన అతడి ముఖమే అతడికి కనిపించింది. అతడు బెదిరిపోయాడు. కొమురవ్వ చేయి గబుక్కున నా మీదికి వచ్చింది. నా అంచు దాకా వచ్చి అక్కడే ఆగింది. ఆమె ఆ చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"అది గాదు" అంది. "ఎన్కకు రా. మెల్లగ సూడు. నాకేం తొందర లేదు."