రేడియో నోరు మూసిన పూట

ఆ నర్సును వార్డంతా రేడియో అంటారు. స్పృహ ఉన్నా లేకపోయినా, రోగిని ముట్టుకునే ముందు చెప్పి ముట్టుకోవడం ఆవిడ పద్ధతి. "బాబాయ్, సూది. చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటుంది. కొత్త నర్సులకూ అదే నేర్పింది. వాళ్ళు వెనకాల నవ్వుకున్నా లెక్కచేయలేదు.

ఆ మధ్యాహ్నం దర్జీ మంచం దగ్గరా అదే చేసింది. స్కూటరు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి. మెదడు పూర్తిగా చచ్చిపోయిందనీ, యంత్రం ఊపిరి పోస్తోంది కాబట్టే గుండె ఆడుతోందనీ పెద్ద డాక్టరు పొద్దుటే అతని భార్యకు చెప్పాడు. కాలేయం, మూత్రపిండాలు ఇస్తే ఇంకెవరో బతుకుతారన్నాడు. ఆమె సరేనంది, సంతకం సాయంత్రం పెడతానంది.

"అన్నయ్యా, గొంతులో గొట్టం శుభ్రం చేస్తున్నా. కాస్త ఓర్చుకో" అంది రేడియో.

పక్కన కూర్చున్న భార్య తలెత్తింది. "పోయాడన్నారుగా. మరి ఓర్చుకోమంటారేంటి?"

పోయాడని రేడియోకూ తెలుసు. కానీ చేతికింద ఒళ్ళు వెచ్చగానే ఉంది.

"అలవాటమ్మా" అని గొణిగింది.

"అబద్ధం చెప్పేదెవరు? డాక్టరా, మీరా?"

సంతకం పెట్టనని ఆమె తేల్చి చెప్పేసింది. సంగతి విన్న డాక్టరు రేడియోను వరండాలో అందరిముందూ చెడామడా తిట్టాడు. "నీ వాగుడు వల్ల ఒక ప్రాణం పోతుంది, తెలుసా?" కొత్త నర్సులు నేలచూపులు చూశారు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

కాసేపటికి దర్జీని పక్కకు తిప్పాల్సిన వేళయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను రేడియో మింగేసింది. నడుము కింద చేతులు పెట్టి, బస్తాను దొర్లించినట్టు దొర్లించింది. అతని తల మంచం కడ్డీకి తగిలింది. అయ్యో అనైనా అనలేదు.

"ఈసారి చెప్పలేదేం?" అంది భార్య.

రేడియో దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

"మీరు కూడా మాట్లాడటం మానేశారంటే..." ఆమె భర్త ముఖంకేసి చూసింది. "నిజంగానే పోయాడన్నమాట." పొద్దుట్నించీ బిగబట్టుకున్న మనిషి బావురుమంది. తరవాత కళ్ళు తుడుచుకుని, "డాక్టరుగారిని పిలవండి. సంతకం పెడతా" అంది.

రేడియో నోరు మూసుకున్నది తిట్లకు భయపడి. ఆ మాట ఈమెకు ఇప్పుడే చెప్పాలి. చెబితే ఎక్కడో ఇంకో మంచం మీది మనిషికి ఉన్న ఆశ కాస్తా పోతుంది. సిగ్గుతో రేడియోకు చచ్చిపోయినంత పనైంది.

"పిలుస్తానమ్మా" అని బయటికి నడిచింది.

డాక్టరు మెచ్చుకోలుగా నవ్వాడు. "ఏం చెప్పి ఒప్పించావ్?"

"ఏమీ చెప్పలేదు సార్" అంది రేడియో, తలెత్తలేక.