తుడిచిన చుక్కలు

తప్పు ఆమెది కాదు. ఆమె చూసింది కాదన్నది పెద్దసారు, చెరిపింది మొగుడు.

అతను వేధశాలలో తనిఖీ గుమాస్తా. గాజు పలకల మీద నల్లగా పడ్డ గెలాక్సీల బొమ్మల్ని భార్య భూతద్దంతో చూసి, ఒక్కోదాని నడిమి ఉబ్బు కొలిచి రాసేది. గడి దాటిన గుర్తులు రబ్బరుతో తుడవడం అతని పని. ఆమె మంచాన పడేదాకా ఇద్దరిదీ ఒకటే బల్ల.

ఆ ఉదయం పలకల దుమ్ము విదిలిస్తుంటే పెద్దసారు గబగబా వచ్చాడు.

"మీ ఆవిడ అప్పట్లో చుక్కలు పెట్టేది కదయ్యా? ఆ కాగితాలు తియ్యి."

రెండు గెలాక్సీలు ఢీకొని కలిస్తేనే నడుమ ఉబ్బుతుందని అప్పట్లో ఆయన తీర్పు. "కొన్ని బంతిలా లేవండీ, వాటి పక్కన చుక్క పెట్టాను," అంది ఆమె. "వేరుసెనక్కాయలా మధ్యలో నొక్కుకుని ఉన్నాయి. వీటినేదీ వచ్చి గుద్దలేదు. తమలో తామే తిరిగి తిరిగి, నిదానంగా ఆ ఉబ్బు పెంచుకున్నాయి."

"ఆకాశంలో వేరుసెనక్కాయలు వేయించుకుంటుందా మీ ఆవిడ? తుడిచెయ్యి," అన్నాడాయన. గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వి, నాలుగువందల పదకొండు చుక్కలు తుడిచాడు.

ఇప్పుడెవరో పెద్ద దుర్భిణితో చూసి అలాంటి ఉబ్బులు ఉన్నాయని తేల్చారట. ముందే గుర్తుపట్టినవాళ్ల పేరు వేస్తారట. రుజువు కావాలి.

అతను కాగితాన్ని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టాడు. ఆమె పెన్సిలు గట్టిగా నొక్కి రాసేది. గుంటలు వేలికి తగులుతున్నాయి.

"తడిమి చూడండి సార్, ఉన్నాయి."

"వేలికి తగిలితే సరా? కంటికి ఆనాలి. చేజేతులా చేసుకున్నావు."

"మీరే కదండీ తుడవమన్నారు."

"నేనంటే నీ బుద్ధి గడ్డి తిందా?"

మధ్యాహ్నమే సెలవడిగి ఇంటికి నడిచాడు. పేరు రాకపోతే పోయింది. నువ్వు చూసిందే నిజమట అని చెబితే చాలు. మూడు వీధులూ అదే మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చాడు.

గుమ్మంలో మరదలు నిలబడి ఉంది.

"ఇప్పుడే బావగారూ. నీళ్లడిగింది. గ్లాసు తెచ్చేలోపే..."

మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆమె చూపుడువేలి మీద పెన్సిలు పట్టి కాసిన కాయ ఇంకా గట్టిగానే ఉంది.

మరదలు అడిగింది. "ఇంత పెందలాడే వచ్చారు, అక్కకేమైనా చెప్పాలనా?"

"ఏం లేదు."

ఆ సంగతి మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తడు కూడా.

బల్ల సొరుగులో ఆమె పెన్సిలు బెత్తెడు మిగిలింది. దాని వెనక చివర రబ్బరు కొంచెం కూడా అరగలేదు.