నలుగురు జి. రావులు

అఫ్జల్‌గంజ్‌లో ఒక ఫ్యాన్ల కంపెనీకి ఫిర్యాదుల కౌంటరు ఉండేది. ఫ్యాను తిరగకపోయినా, తిరిగి మోత పెట్టినా జనం దాన్ని రిక్షాలో వేసుకొని అక్కడికి వచ్చేవారు. దానికి మేనేజరు బాబురావు. ఆయన అద్దాల గదిలో కూర్చునేవాడు. బయట నాలుగు కిటికీల దగ్గర నలుగురు గుమాస్తాలు. నలుగురూ ఆయన భార్య సావిత్రి పుట్టింటివాళ్లే, గుండ్లపల్లి వారు. అందరి పేర్ల చివరా రావే గనుక రసీదుల మీద నలుగురూ 'జి. రావు' అనే సంతకం చేసేవారు.

కిటికీ దగ్గరికి తమవాళ్లలాంటి మనిషి వస్తే కుర్చీ వేసేవారు. బురఖా కనబడినా, పాలవాడి తలపాగా కనబడినా, రేపు రమ్మనేవారు. ఆ రేపు ఎప్పుడో అడిగితే తప్పు మీదే అనేవారు.

1978 వానాకాలంలో బొంబాయి హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జి. రావు అనే ఉద్యోగి మీద ఏడాదిలో నూట పన్నెండు ఫిర్యాదులు అందాయట. ఒకరు అతనికి బట్టతల అని రాశారు, ఒకరు ఉంగరాల జుట్టు అన్నారు. ఒకే మంగళవారం ఒకే వేళకు అతను నాలుగు చోట్ల నలుగురిని కసిరాడట. ఇంత కోపం ఒంటికి మంచిది కాదు, ఆ మనిషిని వెంటనే డాక్టరుకు చూపించండి అని రాశారు.

జి. రావు ఒక్కడు కాదు, నలుగురని బాబురావు వినయంగా జవాబు రాశాడు. అదే ఆయన చేసిన పొరపాటు. రెండో ఉత్తరం వేడిగా వచ్చింది. కౌంటరుకు ఇవతల ఊరంతా ఉంటే అవతల ఒక్క ఇల్లే ఉండటం ఏమిటి? కొత్తగా రెండు ఉద్యోగాలు ఇస్తున్నాం, ఆ ఇంటివాళ్లకు ఇవ్వకూడదు, ఎంపికలో టైపిస్టు రాజమణి కూడా కూర్చోవాలి అని అందులో ఉంది.

ఆ షరతు సంగతి ఇంట్లో తెలిసేసరికే సావిత్రి తన చిన్నమ్మ కొడుకు వైకుంఠానికి మాట ఇచ్చేసింది. ఇంటిపేరు వేరు గదా, బొంబాయివాళ్లకు ఏం తెలుస్తుందని ఆమె వాదన. బాబురావుకూ అది న్యాయంగానే తోచింది.

రాజమణి మాత్రం ఒక మెలిక పెట్టింది. ఆమె పదేళ్లుగా ఆ ఆఫీసు ఉత్తరాలన్నీ టైపు చేసిన మనిషి, ఎవరి చుట్టరికం ఎక్కడ తగులుతుందో ఎరిగినది. గదికి అడ్డంగా పరదా కడదామంది. మనుషులు అవతల, మనం ఇవతల. పేర్లు వద్దు, నంబర్లు చాలు.

"మొకం చూస్తే మీకూ మనసు గుంజుతది, నాకూ గుంజుతది సార్. మాట ఒక్కటే విందాం" అంది.

బాబురావు వెంటనే ఒప్పుకున్నాడు. వైకుంఠాన్ని చూసి ఏళ్లయింది, గొంతు గుర్తు లేదు గనుక ఆ సాయంత్రమే అతనికి కబురు పంపాడు: నోరు తెరిచే ముందు రెండుసార్లు దగ్గు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నుంచీ వాన. వచ్చిన పదకొండుమందీ తడిసి ముద్దయ్యారు. మొదటి నంబరు దగ్గాడు. రెండో నంబరు తుమ్మి దగ్గాడు. మూడో నంబరు ఆగకుండా దగ్గితే లెక్కపెట్టడం బాబురావు వల్ల కాలేదు.

రాజమణి కోపంగా ఉన్న కొనుగోలుదారులా అందరినీ ఒకే మాట అడిగింది. తెచ్చిన వారానికే ఫ్యాను ఊడి అన్నం గిన్నెలో పడింది, ఏం చేస్తారు? ఎక్కువమంది రసీదు అడిగారు. ఆరో నంబరు పొడిగా ఒకసారి దగ్గి, తప్పు మీదే, గట్టిగా బిగించుకోవద్దా అన్నాడు. బాబురావుకు ఒళ్లు మండింది. ఇట్లాంటివాడి మీద ఎన్ని ఉత్తరాలు వస్తాయో తలుచుకొని సున్నా వేశాడు.

తొమ్మిదో నంబరు స్పష్టంగా రెండే రెండుసార్లు దగ్గాడు. తర్వాత నెమ్మదైన గొంతు వినబడింది.

"ముందుగాల ఎవరికీ దెబ్బ తాకలే గదమ్మా? ఫ్యాన్ సంగతి నేను చూస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

బాబురావు పొంగిపోయాడు. వైకుంఠం ఇంత మారాడా అనుకొని నూటికి తొంభై ఐదు వేశాడు. పదకొండో నంబరు ఒక ఆడమనిషి. పడ్డ అన్నం సంగతి కూడా అడిగింది, పిల్లలు తిన్నారా అని. ఆమెకు ఇద్దరూ తొంభై వేశారు.

పరదా తీశారు. పదకొండో నంబరు గౌలిపుర పాలవాళ్ల కోడలు పుష్పమ్మ. తొమ్మిదో నంబరు ఆరడుగుల మనిషి, నల్లగా నిగనిగలాడే ఒళ్లు, రింగుల జుట్టు. తాతలు నిజాం గుర్రపుదళంలో చేసిన, ఆఫ్రికా మూలాల సిద్దీ కుటుంబం. పేరు యాకూబ్. ఆరో నంబరు కుర్చీలో వైకుంఠం బాబురావు వైపు చూసి నవ్వుతున్నాడు. బాబురావు కాగితం దాచబోయాడు గాని, రాజమణి అప్పటికే దాన్ని టైపు మెషిన్ పక్కన పెట్టుకుంది. సున్నా ఆయన చేతిరాతే.

ఆ రాత్రి నుంచి సావిత్రి నాలుగు రోజులు చారు కూడా కాయలేదు.

ఉద్యోగాలు పుష్పమ్మకూ యాకూబ్‌కూ వచ్చాయి. ఆమెకు ఐదో కిటికీ తెరిచారు గాని, యాకూబ్ కుర్చీని జి. రావులు గోదాము పక్కకు జరిపారు. ఆ మొహం చూస్తే జనం జడుసుకుంటారని పెద్ద రావు మేనేజరుకు చెప్పాడు. బాబురావుకూ లోపల ఆ బెదురు ఉంది. అందుకే మొదటి రోజు అద్దంలోంచి కళ్లార్పకుండా చూశాడు.

మొదట వచ్చింది గౌలిపుర లక్ష్మయ్య, చంకలో టేబుల్ ఫ్యాను. రావుల కిటికీల్లో ఎవరూ తలెత్తకపోతే గోదాము దాకా నడిచాడు. యాకూబ్‌ను కిందికీ మీదికీ చూసి, మీది ఆఫ్రికానా అని అడిగాడు.

"కాదన్నా, వనపర్తి" అన్నాడు యాకూబ్. "మా ముత్తాత ఆడికెల్లి పట్నం వచ్చిండు. మీది?"

"మా బాపు నల్లగొండకెల్లి వచ్చిండు."

"అయితే పట్నంల మీకన్నా నేనే పాత. కూసోండ్రి, చాయ్ తాగుతరా?"

లక్ష్మయ్య నవ్వి కూర్చున్నాడు. మరునాడు తన వాడకట్టులో పాడైన ఫ్యాన్లన్నీ తెచ్చాడు. బేగంబజార్ సేట్లు, హమాలీలు కూడా గోదాము దగ్గరే నిలబడసాగారు. పుష్పమ్మ కిటికీ దగ్గర ఆడవాళ్ల వరస వీధిలోకి పోయింది.

నెల తిరగకుండానే నలుగురు రావులూ అర్జీ పట్టుకొచ్చారు. తమ దగ్గరికి ఎవరూ రావడం లేదు, పనిలేక నిద్రొస్తోంది అని. బాబురావు ఆలోచించి, పూటకొకరు పుష్పమ్మ పక్కన కూర్చొని నేర్చుకోవాలన్నాడు. పెద్ద రావు మొదటి రోజే ఒక మార్వాడీ సేటుకు సలాం, ఒక మౌల్వీకి రాంరాం చెప్పాడు. ఇద్దరూ నవ్వారు గాని, వెళ్లిపోలేదు. అతను నిలబడి మాట్లాడటం వాళ్లు చూడటం అదే మొదటిసారి.

ఒకరోజు జనం మరీ ఎక్కువయ్యారు. పదకొండేళ్లలో బాబురావు ఒక్క కొనుగోలుదారుతో కూడా మాట్లాడి ఎరగడు. అద్దాల తలుపు తోసుకొని బయటికొచ్చాడు. వరస చివర బురఖాలో ఒక ముసలావిడ గోడకు ఆనుకొని ఉంది. ఆయన తనకు వచ్చిన ఉర్దూ మాటలన్నీ కూడగట్టుకొని, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకొని, గొంతు సవరించుకొని, "ఆప్ కా పంఖా... క్యా... తక్లీఫ్..." అంటూ ఫ్యానుకు ఏమైందో అడగబోయాడు.

ఆవిడ ఓపిగ్గా చివరిదాకా విన్నది.

"తెలుగుల మాట్లాడు బిడ్డా" అంది. "మాది బోనగిరి. నీ ఉర్దూ నాకు సమజ్ అయితలేదు."

బాబురావు ఆవిడకు తన కుర్చీ తెచ్చి వేశాడు. ఫ్యాను అందుకొని వరసలో ఆవిడ చోట తాను నిలబడ్డాడు.