బోరింగు చెడిపోయిందన్నారు

నేను ఒక బోరింగును. పుస్తకాల్లో నన్ను చేతిపంపు అంటారట. మా పేటలో ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఎక్కడో ఇనుము కరిగించి పోతపోసి, లారీలో తెచ్చి ఈ పేట చివర పాతారు. అప్పుడే కొత్తకోడలిగా వచ్చిన నూకరత్నం నన్ను కొడితే కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళొచ్చాయి. పై పొలం ఆసామి బుల్లబ్బాయి గారు కూడా బండి ఆపి, దోసిలిపట్టి తాగేవారు.

ఏళ్ళు గడిచాక ఆ పొలంలోనే ఆయన కోళ్ళ షెడ్లు వేశారు. కోడిమాంసం పట్నానికి వెళ్ళేది, పెంట మాకు మిగిలేది. కుప్పలు పోసిన ఆ పెంటా, చచ్చిన కోళ్ళను పారేసిన గొయ్యీ వానలకు నాని, ఆ మురుగంతా నేలలోకి దిగింది. మనుషులు పొలానికి గట్లు వేసుకుంటారు గానీ, నేల కింద నీళ్ళకు గట్లెక్కడివి? మొదట వాసన వచ్చింది, తరువాత నురగ. నూకరత్నం మనవరాలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయింది.

"బోరింగు చెడిపోయింది," అన్నారంతా. నాకు ఒళ్ళు మండిపోయింది. చెడింది నేనా? మీరు కిందకు పంపిందే కదా నేను పైకి తెస్తున్నాను!

పిల్ల ఇంటికొచ్చిన రోజున నూకరత్నం బుల్లబ్బాయి గారి బండికి అడ్డం నిలబడింది. నన్ను కొట్టి, చెంబు నింపి ఆయన ముందుకు చాచింది.

"తాగండి."

"ఇప్పుడు దాహం లేదులే నూకరత్నం."

"ఎనకటికి ఆగి మరీ తాగేవోరు కదండీ. తాగండి."

ఆయన ముక్కు మూసుకున్నారు. "పిచ్చా నీకు? ఈ నీళ్ళు మా కోళ్ళక్కూడా పొయ్యం. వాటికి ఫిల్టరు నీళ్ళు పెడతన్నాం."

అనేశాక గానీ తానేమన్నారో ఆయనకు తెలియలేదు. నూకరత్నం చెంబెడు నీళ్ళూ ఆయన తెల్లచొక్కా మీద కుమ్మరించింది.

మర్నాడు పంచాయతీవాళ్ళు వచ్చారు. షెడ్ల దగ్గరకు కాదు, నా దగ్గరకు. ఈ నీళ్ళు తాగకూడదని గుర్తుగా ఎర్రరంగు పూసి, నా చెయ్యి ఊడదీశారు. దొంగను వదిలేసి, చూసి చెప్పినవాడి నాలుక కోసినట్టుంది వాళ్ళ న్యాయం.

"పీకాల్సింది దీన్నా బాబూ?" అని అడిగింది నూకరత్నం.

ఆమె కొంగు బిగించి పేటలోకి కేకేసింది. ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో బయల్దేరి, షెడ్లకు వెళ్ళే దాణా లారీకి అడ్డంగా దారిలో కూర్చున్నారు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. డ్రైవరు హారను మోగిస్తూనే ఉన్నాడు. నూకరత్నం గొంతు దానికంటే గట్టిగా వినిపిస్తోంది. లారీ మాత్రం కదల్లేదు.