ఎడమచేతి సంతకం

2008 ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున తిరుపతి చొక్కా తొడుక్కోబోతూ మంచం మీద కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. దవాఖానాలో పదహారు రోజులుంచుకుని నాచారంలోని ఇంటికి పంపేశారు. ఆయనకు ఒక్కతే కూతురు, స్వర్ణలత. అప్పటికి ఇంటర్ రెండో ఏడు పరీక్షలు దగ్గర పడ్డాయి.

తిరుపతి ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. జనగామ దిక్కు నుంచి వచ్చి, ఇరవై ఏళ్లుగా ఏఎస్ రావు నగర్‌లో సత్యనారాయణమూర్తి అనే ఆర్కిటెక్టు దగ్గర పనిచేస్తున్నాడు. కూతుర్ని బండి మీద ఎక్కించుకుని పోతూ దోవలో తను ప్లాన్ గీసిన ఇల్లు కనబడితే బండి ఆపి, "గా మెట్లు జూడు, ఎంత చిన్న జాగల మలిపిన్నో" అని మురిసిపోయేవాడు. స్వర్ణలతకు ఆర్కిటెక్చర్ చదవాలన్న కోరిక ఎప్పుడు పుట్టిందో ఆమెకే గుర్తులేదు. ఆ బండి మీదే పుట్టి ఉంటుంది.

ఇంటర్ పరీక్షలు రాసింది. ఆర్కిటెక్చర్ కోసం పెట్టే నాటా పరీక్ష కూడా రాసింది. రెండింట్లోనూ మంచి మార్కులే వచ్చాయి. మార్కులు చూసి సంతోషం కలుగుతుందేమోనని కాసేపు ఎదురుచూసింది. కలగలేదు. తండ్రి దవాఖానాలో ఉన్నప్పుడు ఏడుపు కోసం కూడా ఇట్లాగే ఎదురుచూసింది. అదీ రాలేదు. ఫిజియోథెరపీ చేసే ఆయన ఇంటికొచ్చి తిరుపతి కుడి అరచేతిలో పిన్నుతో గుచ్చి "తెలుస్తుందా?" అని అడిగేవాడు. తిరుపతి తల అడ్డంగా ఊపేవాడు. పక్కన నిలబడ్డ స్వర్ణలత, ఆ మాట తననడిగినా ఇదే జవాబు కదా అనుకునేది. జావ తాగించేది, బట్టలు మార్చేది, వీపు తుడిచేది. ఎవరేం చెప్పినా సరే అనేది.

తల్లి శారద ఏప్రిల్ నుంచి ఇంటి దగ్గరున్న మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతోంది. పెద్ద పనులన్నీ శారద అన్న చంద్రయ్య చూస్తున్నాడు. ఆయన చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎక్కడో సంపాదించిన ఒక కాలేజీ పాంప్లెట్ పట్టుకుని, మేనకోడల్ని వెంటబెట్టుకుని మూర్తి ఆఫీసుకు పోయాడు.

"ఏంది సార్ తేడా? బీ.ఆర్క్ ఐదేండ్లంట. ఇదేమో బిల్డింగ్ డిజైన్‌ల బీఎస్సీ, నాలుగేండ్లల్ల అయిపోతది. రెండిట్ల నేర్పేది ఇండ్లు గీసుడే గదా?"

మూర్తి పాంప్లెట్ తిరగేసి చూశాడు. "గీయడం వరకూ అయితే పెద్ద తేడా లేదండి. బీ.ఆర్క్ పాసైనవాళ్లు ఢిల్లీలో కౌన్సిల్ దగ్గర పేరు నమోదు చేసుకుంటారు. అప్పుడే ఆర్కిటెక్టునని బోర్డు పెట్టుకోవచ్చు, ప్లాన్ మీద ఆర్కిటెక్టుగా సంతకం పెట్టొచ్చు. ఈ నాలుగేళ్లదానికి ఆ నమోదు ఉండదు. ఉద్యోగం దొరుకుతుంది, ప్లాన్లు గీసుకోవచ్చు. సంతకం మాత్రం ఇంకొకళ్లు పెట్టాలి."

"ఇంకొకలంటే?"

"నాలాంటి వాళ్లు." మూర్తి నవ్వి, స్వర్ణలత వైపు తిరిగాడు. "చూడమ్మా, మీ నాన్న కుర్చీ అలాగే ఉంచాను. ఎవర్నీ కూర్చోబెట్టబుద్ధి కాలేదు. నన్నడిగితే ఆ నాలుగేళ్లదే చేరు. సాయంత్రాలు ఇక్కడికి రా, కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే క్యాడ్ నేర్పిస్తాను. నువ్వు గీసిపెట్టు, సంతకం సంగతి నేను చూసుకుంటాను. మీ నాన్నా నేనూ ఇన్నేళ్లు అలాగే నెట్టుకొచ్చాం."

ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. తిరుపతిని చూడ్డానికి దవాఖానాకు నాలుగుసార్లు వచ్చాడు. కుర్చీ వీపు మీద తిరుపతి చెమట తుడుచుకునే గళ్ల తువ్వాలు ఇంకా వేలాడుతోంది. స్వర్ణలత దాని వంక చూసి, "సరే సార్" అంది.

చంద్రయ్యకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. దోవలో చెరుకు రసం తాగించాడు. ఇంటికి రాగానే సంగతంతా శారదకు చెప్పాడు. ఆయన పోయాక శారద కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నీకేది మంచిగనిపిస్తది బిడ్డా?"

"ఏదైనా ఒకటే అమ్మా."

అలిగి అన్న మాట కాదు. నిజంగా ఒకటే అనిపించింది.

మూర్తి మాటతో ఆ నాలుగేళ్ల కాలేజీలో చేరడం ఖాయమైంది. అయినా బీ.ఆర్క్ కౌన్సెలింగ్‌కు కూడా ఒకసారి పోయి రండని, ఏ సీటు వస్తుందో చూసుకోవడంలో తప్పు లేదని మూర్తే అన్నాడు. ఆ ఫారంలో తండ్రో తల్లో సంతకం చేయాలి.

"మీ నాయినతోనే పెట్టియ్యి" అంది శారద, పనికి పోతూ. "ఆయనకు కూడ జర మంచిగనిపిస్తది."

స్వర్ణలత తండ్రిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. ఒళ్లో అట్ట పెట్టి, ఫారం పెట్టి, ఎడమచేతి వేళ్ల మధ్య పెన్ను ఇరికించింది. "ఈడ నాయినా" అని చోటు చూపించింది.

తిరుపతి నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చిన్న పిల్లాడిలా ఒళ్లంతా బిగబట్టి గీశాడు. పెన్ను వణికింది, గీతలు వంకరపోయాయి. అయినా ఆగకుండా, వెతుక్కోకుండా, ఒక్క ఊపున గీసేశాడు. పెద్ద ఎస్, దాని కడుపులోంచి ఎన్, చివరి అక్షరం తోకను వెనక్కి లాగి కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు.

స్వర్ణలత ఆ సంతకాన్ని చిన్నప్పటి నుంచి చూస్తోంది. ఇంట్లోకి వచ్చిన ప్రతి ప్లాను కాగితం మూలన అదే ఉండేది.

"నాయినా, ఇది మూర్తి సార్ సంతకం గదా."

తిరుపతి ఫారం వంక చూసుకున్నాడు.

"నీ పేరు రాయి నాయినా."

మళ్లీ పెన్ను పట్టాడు. 'తి' దగ్గరే చెయ్యి ఆగిపోయింది. పెన్ను జారి దుప్పటి మీద పడింది.

"అల… అలవాటు" అన్నాడు.

ఆ తర్వాత అరగంట పట్టింది ఆయనకు, నాలుగు మాటలు చెప్పడానికి. మాట ముద్దగా వచ్చేది, స్వర్ణలత దాన్ని తిరిగి పలికి, అవునా కాదా అని అడిగేది. సార్‌కు తీరికుండేది కాదు. నువ్వే పెట్టెయ్ తిరుపతీ అన్నాడు. మొదట ఒకటీ అరా. తర్వాత అన్నీ.

"ఎప్పటి సంది?"

తిరుపతి నాలుగు వేళ్లు చూపించి, కూతురి వైపు చెయ్యి ఊపాడు. ఆమె నాలుగో తరగతిలో ఉన్నప్పటి నుంచి.

"సార్ ఒక్కసారన్న సూసెటోడా, నువ్వు గీసింది?"

"మొదట్ల."

"భయం కాకపోయేనా?"

"అయేది." మళ్లీ, "దినాం" అన్నాడు. వంకరపోయిన మూతిలోంచి చొంగ కారింది. ఆమె తుడిచింది. ఆయన ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. "ఆ కుర్చీల… నువ్వు… కూసోకు."

స్వర్ణలత ఫారం మడిచి పుస్తకంలో పెట్టింది. మూర్తి మీద కోపం రావాలి కదా అనుకుంది. తండ్రి మీద జాలైనా కలగాలి. ఏదీ రాలేదు. లేచి గిన్నెలు తోమింది. సాయంత్రం నాచారం చౌరస్తాలో నెట్ సెంటరుకు పోయి ఇంకో ఫారం తీసుకుని, తల్లితో సంతకం పెట్టించింది. మొదటిది ఏమైందని శారద అడిగితే, పాడైందని చెప్పింది.

కౌన్సెలింగ్ రోజున ఉప్పల్‌లో మెహిదీపట్నం బస్సెక్కి, మేనమామా మేనకోడలూ మాసాబ్ ట్యాంక్ దగ్గర దిగారు. హాలు నిండా పిల్లలు, వాళ్ల వెనక పెద్దవాళ్లు. పేరు పిలిచేముందు స్వర్ణలత చెప్పింది.

"మామా, నేను ఐదేండ్లదే తీసుకుంట."

చంద్రయ్య బిత్తరపోయాడు. "మొన్న సార్ ముంగట సరే అంటివి గదా?"

"అన్న."

"మరి నడుమ ఏమైంది?"

"నాయిన ఆడ కూసోవద్దన్నడు."

"మాటే రానోడు ఎట్లన్నడే?"

"అన్నడు."

గొంతులో పంతం లేదు, బతిమాలడం లేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టే ఉంది. చంద్రయ్యకు దానితో ఎట్లా కొట్లాడాలో తెలియలేదు. "ఐదేండ్లు ఇల్లెట్ల నడుస్తది బిడ్డా?" అన్నాడు చివరికి.

"అమ్మ పోతనే ఉన్నది పనికి. నేను పిల్లలకు ట్యూషన్ జెప్త."

సీటొచ్చింది. చంద్రయ్య తిరుగు బస్సులో తార్నాక దాకా టికెట్టు మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. దిగేముందు, "మీ అమ్మకు నేను జెప్త తియ్యి" అన్నాడు.

మర్నాడు మూర్తి ఫోన్ చేశాడు. స్వర్ణలతే ఎత్తింది.

"నేను రాను సార్. బీ.ఆర్క్‌ల సీటొచ్చింది."

"మంచిదే కదమ్మా." అటు పక్క ఫ్యాను చప్పుడు వినబడుతోంది. "మీ నాన్నేమన్నాడు?"

"ఫారం మీద సంతకం పెట్టిండు సార్. ఎడమచేత్తోని."

"ఎవరి సంత…" అని అడగబోయి మూర్తి ఆగాడు. "బాగా చదువుకో" అని పెట్టేశాడు.

ఆ ఆదివారం ఆయనే ఇంటికొచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, తిరుపతి పడిపోయిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చున్నాడు. స్వర్ణలత చాయ్ పెట్టి ఇచ్చింది. ఆయన కళ్లు తుడుచుకోవడం చూసింది, చూసి గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

సెప్టెంబరులో కాలేజీ మొదలైంది. మొదటి రోజు క్లాసులో మేడమ్ అందరికీ పెద్ద షీట్లు పంచి, స్కేలు ముట్టుకోకుండా, చేత్తోనే, ఈ చివర నుంచి ఆ చివరకు నిలువు గీతలు గీయమంది. పిల్లలు నవ్వుకున్నారు, విసుక్కున్నారు, కొందరు టీ తాగడానికి పోయారు. స్వర్ణలత గీస్తూ కూర్చుంది. మొదటి గీతలు పాముల్లా పోయాయి. మధ్యాహ్నానికి కొంచెం నిలబడ్డాయి. తిండి డబ్బా విప్పలేదు. షీటులో చోటు అయిపోయాక లేచి మేడమ్ దగ్గరికి పోయింది.

"ఇంకో షీటు కావాలి మేడమ్" అంది.