వదలని రెఫరెన్స్

కృపాజ్యోతి ఆ మాట జనార్దన్ సేటు ముందు అనకుండా ఉండాల్సింది. మెదక్ నుంచి వచ్చి ఆయన దగ్గర సాఫ్ట్‌వేర్ పని చూస్తున్న పిల్ల. నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేసి, ఆబిడ్స్‌లో కంప్యూటర్లు విప్పుతూ బిగిస్తూ కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపే కెర్నెల్ కోడు రాసేదాకా వచ్చినవాణ్ని.

జనార్దన్ మిఠాయి దుకాణాలన్నిటికీ బిల్లు ప్రింటర్లను నడిపే ప్రోగ్రాము, డ్రైవరు, నేను రాయాలి. గన్‌ఫౌండ్రీలో నా షాపు ఆ ఆర్డరు మీదే నిలబడి ఉంది.

ఒక ప్రింటర్‌ను రెండు ప్రోగ్రాములు వాడుకుంటుంటే, ఎంతమంది పట్టుకున్నారో డ్రైవరు లెక్క ఉంచుకోవాలి. ఆఖరివాడు వదిలాకే దాని మెమరీ వాపసు ఇవ్వాలి. నా డ్రైవరు ఎక్కడో ముందే ఇచ్చేస్తోంది. కేబుల్ పీకితే మిషన్ మొత్తం ఆగి పడిపోయేది. ఆ చోటు దొరక్క, ఎవరూ వాడకున్నా ఒకరు పట్టుకున్నట్టు లెక్కలో ఉండేలా మొదట్లోనే ఒక రెఫరెన్స్ అదనంగా పట్టుకున్నాను. లెక్క ఇక సున్నాకు రాదు, మిషన్ పడదు. పనైపోయిందనుకుని కోడు కృపాజ్యోతికి పంపాను.

మర్నాడు నాంపల్లి దుకాణంలో పరీక్ష. ఊడ్చే రాణి రోజూ కేబుల్ పీకేస్తుందట, సేటు నన్నూ పీకి పెట్టమన్నాడు. పెట్టాను. బిల్లు వచ్చింది.

"ఇంకా పీకు. మా రాణి నీ లెక్క సుతారంగ పీకదు" అని నవ్వాడు.

పీకుతూ పోయాను. తెలుగు అక్షరాలు బొమ్మగా ముద్రించాలి కనుక ప్రింటర్ వెంట ఆ బొమ్మను దాచే పెద్ద బఫర్ మెమరీలో ఉంటుంది. పీకినప్పుడల్లా పాతది వదలకుండా మిగిలిపోయి, కౌంటరు మీది చిన్న కంప్యూటర్ డబ్బాలో మెమరీ నిండింది. బిల్లు సగంలో ఆగింది. కౌంటరు ముందు జనం స్వీటు ప్యాకెట్లతో నిలబడి నన్నే చూస్తున్నారు. మెమరీ తక్కువున్న డబ్బా కొన్నారని సేటు మీదికే తోసేశాను.

కృపాజ్యోతి తన ల్యాప్‌టాప్‌లో నా కోడు తెరిచి తెర నా వైపు తిప్పింది.

"అన్నా, గీడ ఒక రెఫరెన్స్ పట్టుకున్నరు. గది ఏడ ఇడిసిపెట్టిన్రు?"

నేను కేబుల్ మళ్లీ గుచ్చి చూశాను.

"నిన్న ఫోన్ల గిదే అడిగిన గదన్నా" అంది మెల్లగా.

ఔ, అడిగింది. బడికి పోనోడికి పాఠాలు చెప్తున్నావా అని కసిరి ఫోన్ పెట్టేసింది నేనే. నేను కసిరిన సంగతి మాత్రం ఆమె సేటుకు చెప్పలేదు. చెప్పి ఉంటే, తిట్టుకోవడానికైనా నాకు ఒక మనిషి మిగిలేది.

సేటు నవ్వు ఆపేశాడు. "నీ చేతిల పనితనం ఉంది ఇంద్రసేనా. జర చెప్తె వినాలె గదా" అని, నేను తెచ్చిన పనిముట్ల సంచి నా చేతికే ఇచ్చాడు.

ఆర్డరు వేరేవాళ్లకు పోయింది. నాలుగు లక్షల పద్దెనిమిది వేల ఐదు వందల రూపాయల పని.